నచ్చిన సినిమా ఇంట్లో ఉండాలంటే: సందేహాలు - సమాధానాలు

సినిమా థియేటర్ దాటి ఇంటికి ఏ రూపంలో వస్తోంది, వచ్చింది ఎన్నాళ్లుంటోంది అన్న విషయం మీద ఈసారి ఎక్కువ ఉత్తరాలు అందాయి. పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాను.

*

మనవలకు ‘మాయాబజార్’ చూపించాలని ఉంది. రంగులున్నదైతేనే పిల్లలు కుదురుగా కూర్చుంటారని మా అబ్బాయి అంటాడు. నలుపు తెలుపుదే అసలుదని నా పట్టుదల. మీ మాట ఏమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

నలుపు తెలుపుదే చూపించండి మాస్టారూ. పిల్లలు కూర్చోరన్న భయం అక్కర్లేదు. ఘటోత్కచుడు తెర మీదికి వచ్చాక రంగు సంగతి ఎవరికీ గుర్తుండదు.

1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమాకు కెమెరా పట్టినవారు మార్కస్ బార్ట్లే. నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిద ఛాయలే ఆయన రంగులపెట్టె. పడవ పాటలో నీళ్ల మీద పరుచుకున్న ఆ వెన్నెల చూడండి. శశిరేఖ ముఖం మీద ఎంత వెలుగు పడాలి, వెనక చెట్ల నీడ ఎంత చిక్కగా ఉండాలి అన్నది ఆయన దీపాలు పెట్టి లెక్కగా రాబట్టుకున్నదే. దాని మీద రంగు పూస్తే ఆ లెక్క చెదిరిపోతుంది.

గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్దిన ప్రతి 2010 జనవరి 30న థియేటర్లకు వచ్చింది. దానివల్ల ఒక తరం పిల్లలు ఆ సినిమాను పెద్ద తెర మీద చూశారు. ఆ మేలు మరువలేం. కానీ ఆ ప్రతిలో రంగుతో పాటు బొమ్మ ఆకారాన్ని కూడా బాగా వెడల్పాటి సినిమాస్కోప్‌కు మార్చారు. నా అభ్యంతరం అసలు అక్కడే. ‘మాయాబజార్’ ఫ్రేము వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే, అంటే దాదాపు చదరం. దాన్ని నేటి టీవీ తెర నిండా పట్టించాలంటేనే పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ కోసెయ్యాలి. సినిమాస్కోప్ చేస్తే అయిదింట రెండు వంతులు పోతాయి. దర్శకుడు కె.వి.రెడ్డి గారు కూర్చిన ఫ్రేములోంచి అంత తీసేసే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

అందుకే ప్రతి ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. నిడివి మూడు గంటలు దాటాలి. తెరకు ఎడమా కుడీ నల్ల పట్టీలు కనిపించాలి. ఆ పట్టీలుంటే బొమ్మ మొత్తం ఉన్నట్టు. తెర నిండా పరుచుకుని మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తుంటే రిమోట్‌లో పిక్చర్ సైజ్ ‘4:3’కు మార్చండి.

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ దగ్గర ఇది తిరగబడుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కాబట్టి దానికి పట్టీలు పైనా కిందా రావాలి. పాత టీవీల కోసం చేసిన క్యాసెట్లలో, వీసీడీల్లో అలాంటి స్కోప్ బొమ్మల్ని రెండు పక్కలా కోసి వదిలేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి మాత్రమే కనిపించిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అలాంటి ప్రతులే ఇప్పటికీ కొన్ని యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి.

*

‘పుష్ప 2’ థియేటర్లో చూశాను. నెట్‌ఫ్లిక్స్‌లో చూస్తే అంతకుముందు చూడని సీన్లు ఉన్నాయి. అసలు సినిమా ఏది?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

2024 డిసెంబర్ 5న విడుదలైనప్పుడు నిడివి 3 గంటల 20 నిమిషాలు. 2025 జనవరి 17న మరో 20 నిమిషాలు చేర్చి ‘రీలోడెడ్’ అని థియేటర్లలోనే మళ్లీ వేశారు. జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చేసరికి అది 3 గంటల 44 నిమిషాలు. రెండు నెలలు తిరక్కముందే ఒకే సినిమా మూడు నిడివుల్లో జనంలోకి వెళ్లింది.

దర్శకుడు తన సినిమాను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అది ఆయన పని. ప్రేక్షకులు టికెట్ కొని ఈలలు వేసిన మొదటి ప్రతి మాత్రం ఎక్కడో ఒకచోట దొరుకుతూ ఉండాలి. చరిత్రలో నిలిచేది అదే. రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’కు 2007లో వచ్చిన పెద్ద డిస్కుల పెట్టెలో ఆ సినిమా అయిదు రూపాలనూ విడివిడిగా పేర్లు వేసి ఇచ్చారు. కావలసినది కావలసినవాళ్లు చూసుకుంటారు. జార్జ్ లూకాస్ చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1997లో ‘స్టార్ వార్స్’ను మార్చాక పాత రూపాన్ని పక్కన పెట్టేశారు. ఆ మొదటి రూపం 2006 డీవీడీల్లో అదనపు సరుకుగా రావడానికే అభిమానులు ఏళ్ల తరబడి మొరపెట్టుకోవాల్సి వచ్చింది.

మన దగ్గరా ఆ పరిస్థితి రాకూడదు. రాజమౌళి ‘బాహుబలి’ రెండు భాగాలూ కలిపి అయిదు గంటలకు పైగా ఉంటే, దాదాపు మూడు ముప్పావు గంటలకు కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో 2025 అక్టోబర్ 31న విడుదల చేశారు. కొత్త పేరు పెట్టారు కాబట్టి ఏది ఏదో తెలుస్తుంది. అది మంచి పద్ధతి. నిడివి మారినప్పుడల్లా ఆ మాట ఓటీటీ తెర మీద స్పష్టంగా రాయాలని నిర్మాతలను మనమే అడగాలి.

ఇంకో ఉత్తరంలో సినిమా ఓటీటీకి ఎన్నాళ్లకు వస్తుందని అడిగారు. ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ‘ఆర్ఆర్ఆర్’, ‘పుష్ప 2’ రెండూ సరిగ్గా 56 రోజులకు, అంటే ఎనిమిది వారాలకు వచ్చాయి. చాలా సినిమాలు అంతకన్నా ముందే వచ్చేస్తున్నాయి.

*

ఇండియా నుంచి తెచ్చుకున్న డీవీడీల్లో సగం ఇక్కడి ప్లేయర్లో ఆడటం లేదు. ‘ఆర్ఆర్ఆర్’ జపాన్ బ్లూ-రే కొందామనుకుంటున్నాను, అదైనా ఆడుతుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

మీ డీవీడీలకు అడ్డం రెండు. మొదటిది రీజియన్, అంటే డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలన్న గుర్తు. డీవీడీకి అమెరికా 1, ఇండియా 5. అట్ట వెనక భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది చూడండి. ‘0’ లేదా ‘ఆల్’ అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. మన సినిమాల డిస్కుల్లో అలాంటివీ చాలానే ఉన్నాయి. రెండోది పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల తేడా. ఇండియాది పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. అమెరికా ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్కు పడదు. కంప్యూటర్‌కు ఒక డీవీడీ డ్రైవ్ తగిలించి వీఎల్‌సీ ప్లేయర్లో పెడితే పాల్ సమస్య ఉండదు. డ్రైవ్ రీజియన్ మాత్రం అయిదుసార్లకు మించి మార్చుకోనివ్వదు. ఆలోచించి మార్చండి.

బ్లూ-రే విషయంలో మీ అదృష్టం బాగుంది. అమెరికా, జపాన్ రెండూ ‘ఏ’ రీజియన్‌లోనే ఉన్నాయి. ఇండియా ‘సీ’. అంటే జపాన్ డిస్కు డల్లాస్‌లో ఆడుతుంది, అదే డిస్కు హైదరాబాద్‌లోని ప్లేయర్లో మొండికేయొచ్చు. కొనేముందు ఆడియో వరుసలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. సబ్‌టైటిళ్లు జపనీస్‌లోనే ఉండొచ్చు. మనకు తెలుగు వినిపిస్తే చాలు కదా.

ఈ మాట ఎందుకంటున్నానంటే, 2022 మే 20న ‘ఆర్ఆర్ఆర్’ ఇళ్లకు వచ్చినప్పుడు తెలుగు ప్రతి జీ5లో, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. నెట్‌ఫ్లిక్స్ ఊరూరా ఉంది కాబట్టి ప్రపంచం చాలావరకు ఆ సినిమాను హిందీలో చూసింది. జపాన్ థియేటర్లలో మాత్రం తెలుగు మాటలతోనే విడుదలైంది, నెలల తరబడి ఆడింది. మన భాషకు వాళ్లిచ్చిన మర్యాద అది.

*

కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాం. ఏ సినిమా పెట్టినా టీవీ సీరియల్ తీసినట్టు కనిపిస్తోంది. పైగా మాటలు వినపడవు, పాట రాగానే చెవులు బద్దలవుతాయి.
— గృహిణి, హనుమకొండ

టీవీ పాడవలేదమ్మా, దానికి చొరవ ఎక్కువైంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. కొత్త టీవీ వాటి మధ్య తనే కొన్ని ఫ్రేములు అల్లి కలుపుతుంది. క్రికెట్‌కు అది బాగుంటుంది, సినిమాకు మాత్రం ప్రాణం తీస్తుంది. సెట్టింగ్స్‌లో పిక్చర్‌లోకి వెళ్లండి. ఎల్‌జీ అయితే ట్రూమోషన్, సోనీ అయితే మోషన్‌ఫ్లో, శాంసంగ్ అయితే ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఆఫ్ చెయ్యండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అదొక్కటి నొక్కితే చాలు. సరిగ్గా ఈ బాధ తీర్చడానికే 2019లో దర్శకులు, టీవీ కంపెనీలు కలిసి దాన్ని తెచ్చారు. ముఖాల రంగు కొంచెం పచ్చబడ్డట్టు అనిపిస్తుంది. రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి.

ఇక మాటలు. సినిమాకు ధ్వని కలిపేది చుట్టూ స్పీకర్లున్న హాలు కోసం. 5.1 అనే ఆ పద్ధతిలో సంభాషణ దాదాపు అంతా తెర మధ్యనున్న స్పీకర్ నుంచే వస్తుంది. మీ టీవీలో ఆ మధ్య స్పీకర్ లేదు. ఓటీటీలో ఆడియో మెనూ తెరిచి ‘5.1’ బదులు ‘స్టీరియో’ ఎంచుకోండి. సగం బాధ అక్కడే తీరుతుంది. సౌండ్‌బార్ కొనే ఆలోచన ఉంటే పెట్టె మీద 3.1 లేదా 5.1 అని ఉన్నది తీసుకోండి. 2.1లో మాటలకు విడిగా స్పీకర్ ఉండదు.

*

నేను దాచుకుని చూసుకునే పాత సినిమా ఒకటి యాప్‌లోంచి ఉన్నట్టుండి మాయమైంది. డబ్బు కడుతున్నాను కదా, ఎలా తీసేస్తారు?
— బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

మీరు కడుతున్నది చందా. సినిమా మీ సొంతం కాదు, చాలాసార్లు ఆ యాప్‌ది కూడా కాదు. నిర్మాత దగ్గర ఇన్నేళ్లకని, ఇన్ని దేశాలకని వాళ్లు హక్కు తీసుకుంటారు. గడువు తీరాక మళ్లీ బేరం కుదరకపోతే సినిమా దిగిపోతుంది. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నదీ దానితోపాటే పోతుంది. పాత సినిమాలకు చిక్కులు ఇంకా ఎక్కువ. నెగటివ్ హక్కు ఒకరిది, శాటిలైట్ హక్కు ఇంకొకరిది, పాటలవి మరొకరివి. ఆనాటి ఒప్పందాల్లో డిజిటల్ అన్న మాటే లేదు. నిర్మాత కాలం చేస్తే వారసుల మధ్య తెగక మూలనపడ్డవీ ఉన్నాయి.

ఆన్‌లైన్ దుకాణాల్లో ‘కొనండి’ అన్న మీట నొక్కి కొన్నా అంతే. అమ్మేది చూసుకునే అనుమతి మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలంటూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి చట్టమే అమలు చేస్తోంది. మన దగ్గర అలాంటిది రావాలి.

బీరువాలో ఉన్న డిస్కును మాత్రం ఎవరూ వచ్చి తీసుకుపోలేరు. మీ సినిమా వీసీడీగానో డీవీడీగానో వచ్చి ఉంటే పాత డిస్కులు అమ్మేచోట వెతకండి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడంతో మన సినిమాలు వందలకొద్దీ డిస్కులెక్కాయి. ఆ సంస్థ దివాలా తీసి మూతపడింది గానీ డిస్కులు ఇంకా ఇళ్లల్లో ఉన్నాయి. ఒక జాగ్రత్త చెబుతాను. ‘మూడు సినిమాలు ఒకే డిస్కులో’ అని ఉన్నది వద్దు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మూడు గంటల తెలుగు సినిమా ఒక్కటే అందులో ఇరుకుగా సర్దుకుంటుంది. మూడు కుక్కితే వాన పడే సీనులోనో జాతర సీనులోనో బొమ్మంతా గళ్లు గళ్లుగా విడిపోతుంది. అట్ట వెనక డీవీడీ-9 అని ఉంటే దాని సామర్థ్యం 8.5 జీబీ. కళ్లు మూసుకుని తీసుకోండి.

*

టెలిగ్రామ్‌లో కొత్త సినిమాలు మొదటి రోజే వస్తున్నాయి. మేం ఇంట్లో చూసుకుంటే తప్పా?
— పాఠకుడు, నెల్లూరు

తప్పే. సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, జనానికి పంచినా 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. చిన్న నిర్మాత మళ్లీ సినిమా తీయగలడా లేదా అన్నది ఓటీటీ నుంచి వచ్చే ఆ కాస్త డబ్బు మీదే ఆధారపడి ఉంటుంది. గ్రూపులోంచి బయటికి వచ్చెయ్యండి.

*

ఇప్పుడు బ్లూ-రే ప్లేయర్ కొనడం తెలివైన పనేనా? డిస్కుల కాలం అయిపోయిందంటున్నారు.
— పాఠకుడు, విశాఖపట్నం

అంటున్నదాంట్లో నిజముంది. వీసీఆర్‌లు తయారుచేసిన చివరి కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. నెట్‌ఫ్లిక్స్ తన తొలి వ్యాపారమైన డీవీడీల పంపకాన్ని 2023 సెప్టెంబర్‌లో ముగించింది. ప్లేయర్ల తయారీ నుంచి శాంసంగ్, ఆ తర్వాత ఎల్‌జీ తప్పుకున్నాయి. అయినా కొనమనే చెబుతాను, అదీ ఇప్పుడే.

కారణం నాణ్యత. ఓటీటీలో 4కె బొమ్మ సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల దగ్గర నడుస్తుంది. 4కె డిస్కులో అది 100 కూడా దాటగలదు. నల్లటి రాత్రి, పొగ, మంట ఉన్న సీన్లలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది, ధ్వనిలోనైతే ఇంకా ఎక్కువ. 4కె డిస్కులకు రీజియన్ గొడవ లేదు కాబట్టి ఏ దేశం నుంచి తెప్పించుకున్నా ఆడతాయి. ఇంట్లో పిల్లలకు డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 ఉంటే వేరే ప్లేయర్ అక్కర్లేదు, అదే 4కె డిస్కు ఆడిస్తుంది. ప్లేస్టేషన్ 4లో బ్లూ-రే వరకే.

*

రీరిలీజ్‌లన్నీ ‘4కె’ అంటున్నారు. అప్పటి సినిమాకు ఇప్పుడు 4కె ఎక్కడి నుంచి వచ్చింది?
— ఫొటో స్టూడియో యజమాని, ఖమ్మం

ఫిల్మ్‌తో పనిచేసినవారు, మీకు సులువుగా అర్థమవుతుంది. 35 ఎంఎం నెగటివ్ బాగుంటే దాన్ని స్కాన్ చేసి నిజమైన 4కె తీయవచ్చు. అందులో అంత వివరం ఉంది. 2000 తర్వాత చాలా సినిమాల రంగుల పని కంప్యూటర్లో 2కెలో చేశారు. ఆ 2కె ఫైలునే సాగదీసి 4కె అని పేరు పెడితే అంకె పెరుగుతుంది గానీ బొమ్మలో వివరం పెరగదు. నెగటివ్ నుంచి చేశారా లేదా అన్నది పోస్టర్ మీద రాయరు. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటే, ఫిల్మ్‌కు సహజంగా ఉండే సన్నటి రేణువు ఎక్కడా కనిపించకపోతే అనుమానించండి.

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ కథ వేరు. 1990 మే 9న వచ్చిన ఆ సినిమాను సరిగ్గా 35 ఏళ్లకు, 2025 మే 9న మళ్లీ విడుదల చేశారు. సరైన మూలప్రతి లేక ఏళ్ల తరబడి గాలించామని, చివరికి విజయవాడలో శిథిలావస్థలో ఉన్న ప్రింటు ఒకటి దొరికిందని వైజయంతీ మూవీస్ వాళ్లే చెప్పారు. అంత జనాదరణ ఉన్న సినిమాకే ఆ గతి పట్టింది. అలాంటి ప్రింటు మీద గీతలు, మరకలు ఉంటాయి, నెగటివ్‌లో ఉన్నంత వివరం ఉండదు. దాన్నుంచి అంత రాబట్టారంటే ఆ సాంకేతిక నిపుణులకు చేతులెత్తి మొక్కాలి.

ఇంతకన్నా దెబ్బతిన్నవాటినీ బాగుచేసినవాళ్లున్నారు. సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలాయి. సగం మాడిన ఆ చుట్టలను పారేయకుండా దాచారు. ఇటలీలోని బొలోన్యాలో ఎండి పెళుసైన ఫిల్మ్‌కు మళ్లీ మెత్తదనం తెచ్చి, ఫ్రేము ఫ్రేమూ బాగుచేసి, 2015లో క్రైటీరియన్ సంస్థ డిస్కులుగా ఇచ్చారు. ‘దేవదాసు’కూ ‘మల్లీశ్వరి’కీ ఆ మర్యాద దక్కే రోజు రావాలి.

*

మా తాతగారు టూరింగ్ టాకీసు నడిపేవారు. అటక మీద రేకు డబ్బాల్లో ఫిల్మ్ రీళ్లు, కొన్ని వీడియో క్యాసెట్లు ఉన్నాయి. పాత సామాన్లవాళ్లు అడుగుతున్నారు. ఇచ్చెయ్యమంటారా?
— పాఠకురాలు, టెక్కలి

ఇవ్వకండి. మన తొలినాళ్ల సినిమాలు ఇవాళ లేకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి అదే. నలుపు తెలుపు ఫిల్మ్‌లో ఉండే వెండి కోసం రీళ్లు కరిగించేశారు.

క్యాసెట్ల మాట ముందు. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్ పాడవుతుంది, టేపు తెగుతుంది. పొడిచోట నిలువుగా నిలబెట్టి, క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే స్టూడియోకు ఇవ్వండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆడించే యంత్రాలే దొరకవు.

రీళ్ల విషయంలో జాగ్రత్త కావాలి. 1950ల మొదటివరకు వాడినది నైట్రేట్ ఫిల్మ్. అది ఇట్టే అంటుకుంటుంది. డబ్బాలను ఎండ తగలనిచోట, వంటగదికి దూరంగా ఉంచండి. ఇంట్లో ప్రొజెక్టర్‌కు ఎక్కించి చూసే ప్రయత్నం చెయ్యకండి. ఆ తర్వాతి కాలపు ఎసిటేట్ ఫిల్మ్ పాడవుతున్నప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. వాసన వచ్చినంత మాత్రాన సినిమా పోయినట్టు కాదు. డబ్బా మీద రాసి ఉన్న పేరు, రీలు నంబరు ఒక కాగితం మీద రాసుకుని, డబ్బాల ఫొటోలు తీసి, ఆ కాగితం, ఫొటోలు మాత్రం పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపండి. 1964 నుంచి దేశంలోని సినిమాలను భద్రపరుస్తున్న ప్రభుత్వ సంస్థ అది. అలాంటి ప్రింట్లు స్వీకరిస్తారు.

ఈ ఉత్తరం చదివినవాళ్లలో ఇంకెవరి ఇంట్లోనైనా, మూతపడ్డ ఏ థియేటర్ గదిలోనైనా అలాంటి డబ్బాలుంటే మీరూ ఆ పని చెయ్యండి. అమ్మే ముందు పుణెకు ఒక్క ఉత్తరం రాయండి.